45 డిగ్రీలు తిప్పితే బొమ్మ నిండా నల్ల చుక్కలు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

నీలిగీత:

అందరికీ నమస్కారం. ఇమేజ్ ప్రాసెసింగ్ సొంతంగా నేర్చుకుంటున్నాను. లైబ్రరీని పిలిస్తే ఒక్క లైనులో అయిపోయే పనే అని తెలుసు. కానీ లోపల ఏం జరుగుతుందో చూడాలని బొమ్మను జరపడం, పెంచడం, తిప్పడం మూడూ నేనే రాసుకుంటున్నాను. పైథాన్, అందులో అంకెల పట్టికల లైబ్రరీ నమ్‌పై తప్ప ఇంకేం వాడట్లేదు.

జరపడం మొదటిసారికే వచ్చేసింది. పెంచడంలో రెండింతలు చేస్తే నాలుగింట మూడు గళ్లు ఖాళీగా మిగిలాయి. అక్కడ ఒక్కో పాత పిక్సెల్‌ని పక్కపక్కన నాలుగు గళ్లలో నింపి సర్దుకున్నాను. ఒకటిన్నర రెట్లు పెంచాలంటే ఆ సర్దుబాటు పనిచేయదని తర్వాత అర్థమైంది. అది పక్కన పెట్టి తిప్పడం మొదలుపెట్టాను. అక్కడ పూర్తిగా ఆగిపోయాను.

నేను చేసింది ఇది. 512 వెడల్పు, 512 ఎత్తు ఉన్న గ్రే బొమ్మ. అంతే సైజులో అన్నీ సున్నాలతో ఒక కొత్త బొమ్మ. పాత బొమ్మలో పిక్సెళ్లను వరుసగా తీసుకుని, ఒక్కోదానికి

కొత్త ఎక్స్ = ఎక్స్ × కాస్ తీటా − వై × సైన్ తీటా
కొత్త వై = ఎక్స్ × సైన్ తీటా + వై × కాస్ తీటా

అని (తీటా అంటే తిప్పే కోణం) లెక్కగట్టి, వచ్చిన విలువను రౌండ్ చేసి ఆ గడిలో పెడుతున్నాను. తిప్పే ముందు మధ్య బిందువు (256, 256)ని తీసేసి, తిప్పాక మళ్లీ కలుపుతున్నాను.

బొమ్మ తిరుగుతోంది. కానీ దాని నిండా నల్ల చుక్కలు. అవి ఇష్టమొచ్చినట్టు కూడా లేవు, నేతగుడ్డ మీద అల్లికలా ఒక క్రమంలో ఉన్నాయి. 5 డిగ్రీలు తిప్పితే నూటికి ఒకటి కూడా లేదు. 45 డిగ్రీలకు లోపలి భాగంలో లెక్కపెడితే నూటికి 17 దాకా ఉన్నాయి. ఇంకో సంగతి, తీటా ప్లస్‌లో ఇస్తే గడియారానికి ఎదురుగా తిరగాలి కదా, నాకు గడియారం తిరిగే వైపే తిరుగుతోంది. సైన్ గుర్తులు నాలుగుసార్లు సరిచూసుకున్నాను. రెండు రోజులుగా ఇదే టెన్షన్. ఫార్ములా తప్పా, రౌండింగ్ తప్పా?

రాతిపలక:

ఈ చుక్కలు నాకూ వచ్చాయండి, మొదట్లో. చివర్లో ఒక 3×3 మీడియన్ ఫిల్టర్ వేస్తే పోయాయి. ఒక్కో గడి, దాని చుట్టూ ఉన్నవి కలిపి తొమ్మిది విలువల్లో మధ్యది తీసుకుంటుంది కాబట్టి ఒంటరి నల్ల చుక్క నిలవదు. సున్నా ఉన్న గళ్లకు మాత్రమే వేస్తే మిగతా బొమ్మ చెడదు. ప్రయత్నించి చూడండి.

పాతస్కానర్:

రాతిపలక గారు చెప్పినట్టు చేస్తే చుక్కలు కనపడకుండా పోతాయి, నిజమే. కానీ బొమ్మలో అసలే నల్లగా ఉన్న పిక్సెళ్లు, అంటే నిజంగా సున్నా ఉన్నవి, వాటితో పాటు మారిపోతాయి. నేను చాలా ఏళ్లు స్కాన్ చేసిన పుస్తకాల పేజీలను నిటారుగా చేసే ప్రోగ్రాం మీద పనిచేశాను. అక్కడ నల్లగా ఉన్నదే అక్షరం. అందుకే ఈ పద్ధతి నాకు మనసొప్పదు. చుక్కలు ఎందుకు పుడుతున్నాయో చూస్తే, అవి అసలు పుట్టకుండా చేయడం చాలా తేలిక.

నీలిగీత గారూ, మీ ఫార్ములా సరైనదే. రౌండింగూ సరైనదే. మీరు పాత బొమ్మలో నిలబడి "నేను ఎక్కడికి వెళ్లాలి" అని అడుగుతున్నారు. అదొక్కటి తిరగేయాలి. ఎందుకో చిన్న లెక్కతో చూపిస్తాను, దయచేసి కాగితం మీద మీరూ వేసుకోండి.

సులువు కోసం మూలనే కేంద్రంగా పెట్టుకుందాం. 45 డిగ్రీలకు కాస్, సైన్ రెండూ 0.707. పాత బొమ్మలో (1, 0) దగ్గరున్న పిక్సెల్ (0.707, 0.707)కి వెళ్తుంది. రౌండ్ చేస్తే (1, 1). దాని పక్కనున్న (2, 0) పిక్సెల్ (1.414, 1.414)కి వెళ్తుంది. రౌండ్ చేస్తే అదీ (1, 1)నే. ఒకే గడిలోకి ఇద్దరొచ్చారు. తర్వాత వచ్చినవాడు ముందువాడిని తుడిచేశాడు.

ఇప్పుడు కొత్త బొమ్మలో ఎక్స్ సున్నాగా ఉన్న నిలువు వరుస చూడండి. అక్కడికి చేరగలిగేవి పాత బొమ్మలో ఐమూలగా ఉన్న (0,0), (1,1), (2,2), (3,3)... మాత్రమే. వాటి కొత్త వై విలువలు 0, 1.41, 2.83, 4.24, 5.66, 7.07. రౌండ్ చేస్తే 0, 1, 3, 4, 6, 7. మరి 2వ గడి, 5వ గడి? వాటికి ఎవరూ రాలేదు, ఎప్పటికీ రారు. మీ నల్ల చుక్కలు ఇవే. క్రమంగా అల్లికలా కనిపించడానికి కారణం కూడా ఇదే.

మీరు లెక్కపెట్టిన 17 శాతం చూసి నాకు చాలా సంతోషమేసింది, చాలామంది లెక్కపెట్టరు. తిప్పే కోణానికి కాస్, సైన్ కలిపి, ఒకటి తీసేసి, వచ్చినదాన్ని వర్గం చేయండి. ఖాళీ గళ్ల వాటా వచ్చేస్తుంది. 45 డిగ్రీలకు 1.414 − 1 = 0.414, దాని వర్గం 0.1716. 5 డిగ్రీలకు 0.083 వర్గం, అంటే 0.007, నూటికి ఒకటి కూడా కాదు. మీకు కనిపించింది అచ్చంగా అదే. ఇందులో గమనించాల్సింది ఏంటంటే, ఎన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయో అంత సమాచారం ఇద్దరొకచోట పడి తుడిచిపెట్టుకుపోయింది కూడా. మీడియన్ ఫిల్టర్ ఖాళీని కప్పుతుంది, పోయినదాన్ని తీసుకురాదు.

ఇప్పుడు తిరగేద్దాం. కొత్త బొమ్మలో నిలబడండి. ఒక్కో గడి దగ్గర ఆగి "ఇక్కడికి రావాల్సిన రంగు పాత బొమ్మలో ఎక్కడుంది?" అని అడగండి. ప్రతి గడీ అడుగుతుంది కాబట్టి ఏదీ ఖాళీగా మిగలదు. దీన్నే ఇన్వర్స్ మాపింగ్ అంటారు. మీరు చేసేది ఫార్వర్డ్ మాపింగ్. తిప్పడానికి ఇన్వర్స్ అంటే అదే కోణం వెనక్కి తిప్పడమే, సైన్ గుర్తులు మారితే చాలు. మీ లూప్ కొత్త బొమ్మ మీద నడవాలి. పెంచడంలో మీకు ఎదురైన ఖాళీలూ దీంతోనే పోతాయి, ఒకటిన్నర రెట్లైనా, 1.37 రెట్లైనా.

ఇందాక ఎవరూ రాని (0, 2) గడినే అడుగుదాం. ఎక్స్ = 0.707 × (0 + 2) = 1.414. వై = 0.707 × (2 − 0) = 1.414. అంటే పాత బొమ్మలో (1.414, 1.414) దగ్గరి రంగు కావాలి. అలాంటి చోట పిక్సెల్ లేదు, నాలుగు పిక్సెళ్ల నడుమ ఉంది ఆ బిందువు. దగ్గరున్నదాన్ని తీసుకుంటే (1, 1). ఇది నియరెస్ట్ పద్ధతి, వేగంగా ఉంటుంది, గీతలు మెట్లుమెట్లుగా వస్తాయి.

లేదా నలుగురినీ అడిగి, ఎవరు ఎంత దగ్గరో వాళ్ల మాటకు అంత బరువు ఇవ్వొచ్చు. ఎక్స్ దిశలో 1కి 0.586 బరువు, 2కి 0.414. వై దిశలోనూ అంతే. రెండూ గుణిస్తే నాలుగు బరువులు: (1,1)కి 0.343, (2,1)కి 0.243, (1,2)కి 0.243, (2,2)కి 0.171. కలిపితే ఒకటి. ఆ నాలుగు పిక్సెళ్ల విలువలు వరుసగా 100, 140, 120, 200 అనుకోండి. 34.3 + 34.0 + 29.1 + 34.3, మొత్తం 131.7. గడిలో 132 పెట్టండి. ఇదే బైలీనియర్. ఇంత చిన్న లెక్కే, కానీ ఒకసారి చేత్తో వేస్తే జన్మలో మర్చిపోరు.

తిరిగే వైపు గురించి. మనం బళ్లో నేర్చుకున్న గ్రాఫులో వై పైకి పెరుగుతుంది. బొమ్మలో మొదటి వరుస పైన ఉంటుంది, వై కిందికి పెరుగుతుంది. అదే ఫార్ములా అద్దంలో చూసినట్టు అవుతుంది, అందుకే గడియారం వైపు తిరిగింది. కోణం గుర్తు మార్చుకుంటే సరి. నమ్‌పైలో ముందు వరుస, తర్వాత నిలువు, అంటే వై ముందు, ఎక్స్ తర్వాత. ఇది కూడా ఒకసారి చూసుకోండి, బొమ్మ చదరం కాబట్టి మీకింకా దెబ్బ తగిలి ఉండదు.

నీలిగీత:

పాతస్కానర్ గారూ, ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. కాగితం మీద 0, 1, 3, 4, 6, 7 రాసుకున్నాక అక్కడే కూర్చుండిపోయాను. లూప్ తిరగేసి బైలీనియర్ రాశాను. ఒక్క చుక్క లేదు.

కానీ ఇంకో మూడు మిగిలాయి. 180 డిగ్రీలు తిప్పితే ఎడమ అంచున, పై అంచున సన్నగా ఒక నల్ల గీత వస్తోంది. 90కి కూడా ఒక అంచున వస్తోంది. రెండోది, సరదాగా 10 డిగ్రీల చొప్పున 36 సార్లు తిప్పి చూశాను. మొదటి చోటికే రావాలి కదా, వచ్చింది, కానీ బొమ్మ పొగమంచులో ఉన్నట్టుంది. మూడోది, మూలలు తెగిపోతున్నాయి.

పాతస్కానర్:

మూడోది ముందు చెప్పేస్తాను. తిప్పిన బొమ్మ మొత్తం పట్టాలంటే కొత్త కాన్వాస్ పెద్దదవ్వాలి. కొత్త వెడల్పు = వెడల్పు × కాస్ + ఎత్తు × సైన్, కొత్త ఎత్తు = వెడల్పు × సైన్ + ఎత్తు × కాస్, గుర్తులు వదిలేసి. 640×480 బొమ్మ 30 డిగ్రీలకు 794.3, 735.7 వస్తాయి. పైకి రౌండ్ చేసి 795×736 తీసుకోండి. పాత మధ్య బిందువు, కొత్త మధ్య బిందువు వేరువేరని మాత్రం గుర్తుంచుకోండి.

నల్ల గీత. 512 పిక్సెళ్లకు నంబర్లు 0 నుంచి 511. వాటి మధ్య 256 కాదు, 255.5. మీరు 256 చుట్టూ 180 డిగ్రీలు తిప్పితే ఎక్స్ వెళ్లి 512 − ఎక్స్ అవుతుంది. కొత్త బొమ్మలో 0వ గడి 512ని అడుగుతుంది, అది లేదు. అందుకే గీత. 255.5 చుట్టూ తిప్పితే 511 − ఎక్స్, అన్నీ సరిగ్గా కూర్చుంటాయి. పిక్సెల్ అంటే ఒక చుక్క, ఆ చుక్క తన గడి నడుమ ఉంటుంది అనుకోవాలి.

బొమ్మ పెంచేటప్పుడు కూడా ఇదే అర పిక్సెల్ పట్టి పీడిస్తుంది. రెండింతలు పెంచేటప్పుడు కొత్త నంబరును రెండుతో భాగించి ఊరుకోకండి. దానికి 0.5 కలిపి, రెండుతో భాగించి, 0.5 తీసేయండి. అలా చేయకుండా ఎనిమిదింతలు పెంచితే బొమ్మంతా మూడున్నర పిక్సెళ్లు పక్కకు జరిగిపోతుంది. కంటికి తెలియదు. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు తెలుస్తుంది, అప్పటికి ఎక్కడ జరిగిందో వెతకడం పెద్ద పని.

255.5కి మార్చాక కూడా 90 దగ్గర గీత వస్తే, అది వేరే జబ్బు. కంప్యూటర్లో 90 డిగ్రీల కాస్ కచ్చితంగా సున్నా రాదు, 16 సున్నాల తర్వాత ఒక 6 ఉంటుంది. ఆ నలుసు వల్ల సున్నా రావాల్సిన చోట మైనస్‌లో ఒక నలుసు వస్తుంది, ఫ్లోర్ చేస్తే (కింది పూర్ణాంకానికి దించితే) −1 అయిపోతుంది, బొమ్మ బయటే అని మీ కోడ్ నల్లగా వదిలేస్తుంది. ముందు విలువను పదో దశాంశానికి రౌండ్ చేయండి. ఇంకా మంచిది, 90, 180, 270లకు లెక్కే వద్దు, వరుసలూ నిలువులూ తారుమారు చేస్తే చాలు. ఒక్క విలువ కూడా మారదు. ఇంకొకటి, ఫ్లోర్ బదులు ఇంట్ (దశాంశ భాగాన్ని కోసేసేది) వాడి ఉంటే మార్చేయండి. ఇంట్ −0.7ని సున్నా చేస్తుంది, అంచు రెండుసార్లు వస్తుంది.

ఇక పొగమంచు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, నాకు బాగా తగిలిన దెబ్బ ఇది.

నలుపు తెలుపు సన్నగీతలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయనుకోండి: 0, 255, 0, 255. దాన్ని అర పిక్సెల్ జరపండి. బైలీనియర్ ప్రతి చోటా సగం సగం తీసుకుంటుంది, అన్నీ 127.5. గీతలు మొత్తం పోయాయి. ఒక్కసారి జరిపినందుకే! ఇంక వెనక్కి అర పిక్సెల్ జరిపినా రావు. మీరు 36 సార్లు తిప్పారు, 36 సార్లు సగటు తీశారు.

మా ప్రోగ్రాంలో పేజీని మొదట నిటారుగా తిప్పేవాళ్లం, తర్వాత మార్జిన్ సరిచేయడానికి జరిపేవాళ్లం, ఆఖరున సైజు మార్చేవాళ్లం. ఒక్కో పని ఒక్కో మనిషి రాసింది, ఒక్కోటీ చక్కగా పనిచేసేది. కానీ అక్షరాలు గుర్తించే దశకు వెళ్లేసరికి "ప" ఉన్న చోటల్లా "వ" అని చదివేది. ఈ రెండక్షరాలకూ తేడా ఏంటో చూడండి. "ప"లో తలకట్టు కింది భాగానికి అంటకుండా విడిగా ఉంటుంది, "వ"లో అతుక్కుని ఉంటుంది. మా స్కాన్లలో ఆ సందు రెండు పిక్సెళ్లు. మొదటి దశలో సందు తెలుపు తగ్గి బూడిదరంగు అయింది, రెండో దశలో ఇంకాస్త నలుపెక్కింది, మూడోదానికి పూడిపోయింది. "పని" అన్నచోట "వని" అని వస్తుంటే గుర్తించే ప్రోగ్రాంలోనే తప్పుందని వారాల తరబడి దాన్నే విప్పి చూశాం.

మందు ఏంటంటే, మధ్యలో బొమ్మను ముట్టుకోవద్దు. లెక్కలు మాత్రమే కలపండి. తిప్పడం, పెంచడం గుణకారాలు, జరపడం మాత్రం కూడిక. అందుకే (ఎక్స్, వై) పక్కన ఒక 1 చేర్చి 3×3 మాత్రిక వాడతారు, దాంతో కూడిక కూడా గుణకారంలోకి వచ్చేస్తుంది. ఆఖరు వరుస 0, 0, 1. మీరు ఇప్పుడు చేస్తున్నదే మూడు మాత్రికలు: మధ్యను మూలకు తెచ్చేది, తిప్పేది, మళ్లీ వెనక్కి పెట్టేది. ఎన్ని పనులున్నా మాత్రికలన్నీ గుణించి ఒకటి చేయండి (ముందు జరగాల్సింది కుడివైపు చివర ఉండాలి), ఆ ఒక్కదానికి ఇన్వర్స్ కట్టండి, ఆ తర్వాత అసలు బొమ్మ దగ్గరికి ఒకే ఒక్కసారి వెళ్లండి. మేం అలా మార్చాక గుర్తించే ప్రోగ్రాంలో ఒక్క అక్షరం ముట్టుకోకుండానే "ప"లు "ప"లుగా వచ్చాయి.

పటంపని:

పైన చెప్పినదంతా నిజం. నేను మనుషులను, రోడ్లను, వాహనాలను బొమ్మల్లో గుర్తుపట్టే మోడళ్లకు డేటా తయారు చేస్తాను. మీరు ఆ దారిలోకి వస్తారనిపించి కొన్ని చేరుస్తున్నాను.

బైలీనియర్ వచ్చింది కదా అని అన్నిటికీ వాడకండి. ఒక్కో పిక్సెల్ ఏ వస్తువుదో అంకెతో చెప్పే లేబుల్ బొమ్మలుంటాయి, 1 అంటే రోడ్డు, 2 అంటే కారు, 3 అంటే మనిషి. రోడ్డు మీద మనిషి నిలబడ్డాడు. ఆ లేబుల్ బొమ్మను బైలీనియర్‌తో తిప్పితే 1కీ 3కీ సగటు 2, మనిషి చుట్టూ సన్నని కారు పుడుతుంది! లేబుళ్లకు నియరెస్ట్ తప్ప ఇంకోటి వద్దు. ఫొటోకి బైలీనియర్, దాని లేబుల్‌కి నియరెస్ట్, మాత్రిక మాత్రం రెండింటికీ ఒకటే.

బైక్యూబిక్ రాయాలనిపిస్తే (రాయండి, బాగుంటుంది) 16 పిక్సెళ్లు చూస్తుంది, గీతలు పదునుగా వస్తాయి. ఎక్కువమంది వాడేది 1981లో కీస్ ఇచ్చిన పద్ధతి. సరిగ్గా రెండు పిక్సెళ్ల నడుమ బిందువైతే ఒక దిశలో బరువులు −1/16, 9/16, 9/16, −1/16. మైనస్ బరువులున్నాయి, అక్కడే జాగ్రత్త. వరుసలో 0, 255, 255, 255 ఉంటే నడుమ విలువ 255 × 17/16, అంటే 271. ఎనిమిది బిట్లలో 255 దాటి పట్టదు. నమ్‌పైలో నేరుగా మారిస్తే 271 చుట్టు తిరిగి 15 అయిపోతుంది. తెల్లటి అంచు పక్కన నల్ల చుక్కలు! మీకు మళ్లీ ఫార్వర్డ్ మాపింగ్ గుర్తొస్తుంది, కారణం అది కాదు. మార్చే ముందు 0కీ 255కీ మధ్య క్లిప్ చేయండి, అంటే దాటినవాటిని ఆ హద్దు దగ్గరే ఆపండి.

బొమ్మను బాగా తగ్గించేటప్పుడు మాత్రం ఇవేవీ చాలవు. 1000 పిక్సెళ్ల వెడల్పును 100కి తెస్తే ఒక్కో కొత్త గడి కింద 100 పాత పిక్సెళ్లు ఉంటాయి. బైలీనియర్ వాటిలో నాలుగింటిని చూసి మిగతా 96ని వదిలేస్తుంది. చొక్కా చారలు, కిటికీ ఊచలు ఉన్న చోట లేని అలలు కనిపిస్తాయి. ముందు తగినంత బ్లర్ చేయాలి, లేదా గడి కింద పడే పిక్సెళ్లన్నిటికీ సగటు తీయాలి. పిల్లో అనే బొమ్మల లైబ్రరీలో రీసైజ్ ఇది తనే చూసుకుంటుంది. ఓపెన్‌సీవీ అనే ఇంకో లైబ్రరీలో బైలీనియర్ చూసుకోదు, ఏరియా పద్ధతి అడిగి తీసుకోవాలి. అందుకే రెండింటిలో అదే పేరున్న పద్ధతికి వేర్వేరు బొమ్మలు వస్తాయి.

మీ ఫలితాన్ని లైబ్రరీతో పోల్చుకునేటప్పుడు ఇంకొకటి. ఓపెన్‌సీవీ వార్ప్ అఫైన్ పాత బొమ్మ నుంచి కొత్తదానికి వెళ్లే మాత్రిక తీసుకుని ఇన్వర్స్ తనే కట్టుకుంటుంది. పిల్లో ట్రాన్స్‌ఫార్మ్, సైపై అఫైన్ ట్రాన్స్‌ఫార్మ్ ఇన్వర్స్‌నే ఇమ్మంటాయి. ఒకదానికి ఇచ్చింది ఇంకోదానికి ఇస్తే ఎదురు వైపు తిరుగుతుంది. మీ కోడ్‌ని అనుమానించకండి.

లెక్కలమేష్టారు:

ఫార్వర్డ్ మాపింగ్‌ని అందరూ తీసిపారేశారు కాబట్టి ఒక అందమైన సంగతి చెప్పాలనిపించింది. ఖాళీలు రాకుండా ముందుకే నడిచే దారి ఒకటుంది. తిప్పడాన్ని మూడు షియర్‌లుగా విడగొట్టొచ్చు. షియర్ అంటే పేకముక్కల దస్తాను పక్కకు తోసినట్టు, ఒక్కో వరుసను దాని ఎత్తును బట్టి కొంచెం కొంచెం పక్కకు జరపడం. మొదట అడ్డంగా సగం కోణం టాన్ అంత (మైనస్ గుర్తుతో), తర్వాత నిలువుగా పూర్తి కోణం సైన్ అంత, మళ్లీ అడ్డంగా మొదటి అంతే. 30 డిగ్రీలకు −0.268, 0.5, −0.268. గుణించి చూడండి, తిప్పే మాత్రిక అచ్చంగా వస్తుంది.

ఒక వరుసలో అన్ని పిక్సెళ్లూ ఒకే దూరం జరుగుతాయి. ఆ దూరాన్ని పూర్ణాంకానికి రౌండ్ చేసినా వరుసలో ఎవరూ ఎవరినీ తొక్కరు, ఎక్కడా సందు పడదు. మూడుసార్లూ అంతే. కాన్వాస్ పెద్దగా ఉంటే ఒక్క పిక్సెల్ కూడా పోదు, వెనక్కి నడిస్తే అసలు బొమ్మ అణువణువూ తిరిగొస్తుంది. 1986లో ఆలన్ పేత్ దీన్ని వివరించాడు. గీతలు కొంచెం వంకరగా కనిపిస్తాయి కాబట్టి చూడటానికి బైలీనియరే నయం, కానీ పోగొట్టుకోకూడదు అన్నప్పుడు ఇది నాకు చాలా ఇష్టం.

నీలిగీత:

అందరికీ ఒకే జవాబు రాస్తున్నాను. మధ్యను 255.5 చేశాక 180 గీత పోయింది. 90కి పోలేదు, నలుసును రౌండ్ చేశాక అదీ పోయింది. 36 మాత్రికలు గుణించి ఒకేసారి బొమ్మ దగ్గరికి వెళ్తే, వచ్చిన బొమ్మకూ అసలు బొమ్మకూ ఒక్క పిక్సెల్ తేడా లేదు, తీసివేసి చూశాను.

మేష్టారు గారి మూడు షియర్‌లు రాత్రి రాశాను. తిప్పి, వెనక్కి తిప్పి, తీసివేస్తే అన్నీ సున్నాలే. నమ్మలేక మూడు బొమ్మలతో చూశాను.

తర్వాత ఒక కాగితం మీద పెద్దగా "ప" రాసి ఫొటో తీసి, సందు రెండు పిక్సెళ్లు వచ్చేదాకా తగ్గించి (సగటు తీసే, పటంపని గారూ), 7 డిగ్రీల చొప్పున మూడుసార్లు తిప్పాను. పక్కన ఒకేసారి 21 తిప్పింది పెట్టాను. మొదటిదాంట్లో సందు బూడిదరంగు మరక, రెండోదాంట్లో తలకట్టు విడిగా తెలుస్తోంది.

ఆ కాగితాన్ని ఏటవాలుగా ఫొటో తీశాను, పై అంచు చిన్నగా, కింది అంచు పెద్దగా ఉంది. దాన్ని చదరం చేయాలంటే కూడా ఇదే 3×3 సరిపోతుందా?

పాతస్కానర్:

సరిపోతుంది. ఆఖరు వరుస 0, 0, 1గా ఉండదు, అంతే. కాగితం నాలుగు మూలలూ ఎక్కడున్నాయో, ఎక్కడుండాలో రాసుకోండి. ఒక్కో మూలకు రెండు సమీకరణాలు, మొత్తం ఎనిమిది. మాత్రికలో తెలియనివీ ఎనిమిదే, తొమ్మిదోది 1 అనుకోవచ్చు. నమ్‌పై సాల్వ్‌కి ఇస్తే వచ్చేస్తాయి. ఈసారి గుణించాక మూడో విలువ 1 రాదు, ఎక్స్‌నీ వైనీ దాంతో భాగించాకే పాత బొమ్మలోకి వెళ్లండి. కొత్త బొమ్మలో నిలబడే.